సెకండ్‌హ్యాండ్ ఎల్‌సీడీ మానిటర్ ఆన్ చేసిన రెండు సెకన్లకే నల్లబడిపోతోంది, పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది

కూర్మన్నపాలెం_టాలీ:

అందరికీ నమస్కారం. నేను ఇంటి నుంచే కొన్ని షాపులకి టాలీ ఎంట్రీలు చేస్తుంటాను. ల్యాప్‌టాప్ చిన్న స్క్రీన్ మీద బిల్లులు చూసి చూసి కళ్లు లాగేస్తుంటే ద్వారకానగర్‌లో పాత కంప్యూటర్లు అమ్మే ఒక షాపులో 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ 1,800కి తీసుకున్నాం. వెనక భాగం కాస్త లావుగా, బరువుగా ఉండే పాత రకం. షాపులో చూపించినప్పుడు బ్రహ్మాండంగా ఉంది, ఇంటికి తెచ్చి పెట్టిన సాయంత్రం కూడా బాగానే నడిచింది. మర్నాడు పొద్దున మొదలైంది ఈ గొడవ.

బటన్ నొక్కగానే కంపెనీ లోగో వస్తుంది, దాని వెనకే నా డెస్క్‌టాప్ ఒక్క క్షణం కనిపిస్తుంది, అంతలోనే మొత్తం నలుపు. ముందున్న నీలం లైటు మాత్రం అలాగే వెలుగుతుంటుంది. ఆపి మళ్లీ నొక్కితే మళ్లీ అదే కథ. ఇంకో సంగతి ఏంటంటే, అలా పదే పదే ఆపుతూ వేస్తూ ఉంటే ఒక్కోసారి నిలబడిపోతుంది, ఒకసారి నిలబడిందంటే ఇక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. మా తమ్ముడి దగ్గర వేరే వీజీఏ కేబుల్ తెచ్చి పెట్టినా తేడా లేదు.

షాపుకి ఫోన్ చేస్తే "ప్యానెల్ పోయిందమ్మా, మార్చాలంటే కొత్తది కొన్నంత అవుతుంది, కావాలంటే 500 ఇచ్చి వెనక్కి తీసుకుంటాం" అన్నారు. నిజంగానే ప్యానెల్ పోయిందా? బాగుచేయించడానికి వీలుందా, లేక ఆ 500 తీసుకుని ఊరుకోవాలా? ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, కరెంటు ప్రమాదం ఏమైనా ఉంటుందేమోనని అదొక టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మర్రిపాలెం_నెట్:

తొందరపడి వెనక్కి ఇచ్చేయకండి. "నల్లబడింది" అని అందరూ ఒకేలా చెప్తారు గానీ దాని వెనక కారణాలు వేరు వేరుగా ఉంటాయి. నల్లబడ్డాక ఆ చిన్న లైటు నారింజ రంగులోకి మారితే మానిటర్ నిద్రలోకి వెళ్లినట్టు, అంటే సిగ్నల్ అందట్లేదు, కేబులో ల్యాప్‌టాప్ పోర్టో చూసుకోవాలి. లైటు పూర్తిగా ఆరిపోయినా, ఆగి ఆగి మిణుకుమన్నా పవర్ బోర్డు మీద అనుమానం. మీది నీలంగానే ఉండిపోతోంది అంటున్నారు కాబట్టి మానిటర్ తన మటుకు తాను ఇంకా బొమ్మ వేస్తూనే ఉంది, వెనక వెలుగు ఆరిపోయి మనకి కనిపించట్లేదు అని నా అనుమానం.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. కేబుల్ తగిలించే ఉంచండి, ఎందుకంటే సిగ్నల్ లేకపోతే చాలా మానిటర్లు కొన్ని సెకన్లకి వాటంతటవే నిద్రపోతాయి, అది చూసి మీరు పొరబడతారు. తెల్ల పేజీ మీద పెద్ద పెద్ద నల్ల అక్షరాలు ఏవైనా తెరిచి పెట్టండి. గదిలో లైట్లు ఆపేసి, స్క్రీన్ నల్లబడగానే ఫోన్ టార్చ్‌ని గ్లాసుకి బాగా దగ్గరగా, ఎదురుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని మెల్లగా జరుపుతూ చూడండి. లోపల మసకగా అక్షరాలు కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే ఆ వెనక వెలుగుదే సమస్య. ఏమీ కనిపించకపోతే వేరే దారిలో వెతకాలి.

కేబుల్ గురించి ఒక మాట. వీజీఏ ప్లగ్గులో 15 పిన్నుల్లో మధ్య వరసలో ఒకటి, 9వ నంబరుది, చాలా కేబుళ్లలో అసలు ఉండదు. అది చూసి పిన్ను విరిగిందనుకుని చాలామంది కొత్త కేబుల్ కొనేస్తుంటారు. మిగతావి వంకర లేకుండా ఉన్నాయా అన్నది చూస్తే చాలు.

కూర్మన్నపాలెం_టాలీ:

ఇప్పుడే చూశాను అన్నయ్యా, కనిపించింది! మొదట ఎదురుగా పట్టుకుంటే టార్చ్ వెలుగు తప్ప ఏమీ తెలియలేదు, మీరు చెప్పినట్టు పక్కకి వంచగానే గేట్‌వే ఆఫ్ టాలీ మెనూ అక్షరాలు బూడిద రంగులో, చెరువు అడుగున రాసినట్టుగా కనిపించాయి. మౌస్ కదిపితే బాణం గుర్తు కూడా కదులుతోంది. అయితే ప్యానెల్ పోలేదన్నట్టేనా?

కంచరపాలెం_టీవీ_రిపేర్:

అమ్మా, బొమ్మ కనిపిస్తోందంటే ఎల్‌సీడీ గ్లాసు, దాన్ని నడిపే మెయిన్ బోర్డు రెండూ బతికే ఉన్నాయి. షాపు వాళ్లు ప్యానెల్ అన్నది పూర్తిగా అబద్ధమని కూడా అనను, వెలుగునిచ్చే ట్యూబులు ప్యానెల్ లోపలే ఉంటాయి కాబట్టి కొందరు అన్నిటినీ కలిపి ప్యానెల్ అనేస్తారు. కానీ నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం, "పదే పదే వేస్తే నిలబడిపోతుంది, ఇక సాయంత్రం దాకా ఇబ్బంది ఉండదు" అన్నది, నా దృష్టిలో అసలు సంగతి అదే చెప్పేస్తోంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, అర్థమైతే ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా నిన్ను ఎవరూ మోసం చేయలేరు.

ఈ లావు మానిటర్లలో ఎల్‌ఈడీలు ఉండవు. సీసీఎఫ్‌ఎల్ అని మూడు మిల్లీమీటర్ల లావు గాజు ట్యూబులు ఉంటాయి, 19 అంగుళాల వాటిలో చాలావరకు పైన రెండు, కింద రెండు. అవి వెలగాలంటే కొన్ని వందల వోల్టులు కావాలి, మొదట అంటుకోవడానికైతే వెయ్యి దాటాలి. పవర్ బోర్డు ఇచ్చే పన్నెండు, పదిహేను వోల్టులని తీసుకుని అంత పైకి లేపే సర్క్యూట్‌ని ఇన్వర్టర్ అంటాం. మన ఇంట్లో కరెంటు పోతే వాడే ఇన్వర్టర్‌కీ దీనికీ సంబంధం లేదు. అంత హై వోల్టేజీతో ఆటలాడుతుంది కాబట్టి దానికో కాపలా ఏర్పాటు ఉంటుంది. ట్యూబులు అంటుకున్నాయా, వాటిలో కరెంటు సరిగ్గా పారుతోందా అని చూస్తుంది, ఏ ఒక్కదానిలో తేడా వచ్చినా, పవర్ బోర్డు నుంచి వచ్చే సప్లై కుంగినా, సెకనో రెండు సెకన్లో చూసి మొత్తం కట్ చేసేస్తుంది. నీ మానిటర్ ఒక్క క్షణం కనిపించి ఆరిపోతున్నది అందుకే. అది పాడై ఆగడం కాదు, కావాలని ఆపుకోవడం.

ఇప్పుడు ఎందుకు ఆపుకుంటోంది అన్నది ప్రశ్న. ట్యూబు పూర్తిగా చచ్చిపోయి ఉంటే పొద్దునా సాయంత్రం తేడా లేకుండా ప్రతిసారీ రెండు సెకన్లకే ఆగాలి. నీది వేడెక్కాక నిలబడుతోంది. పవర్ బోర్డు మీద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లని కరెంటుని కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటివి ఉంటాయి, వాటి లోపల ఒక ద్రవం ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది ఎండిపోతూ వస్తుంది, దాంతో కెపాసిటర్ లోపలి అడ్డు పెరుగుతుంది, మేం ఈఎస్‌ఆర్ అంటాం. చల్లగా ఉన్నప్పుడు ఆ అడ్డు మరీ ఎక్కువ, ట్యూబులు అంటుకోవడానికి ఒక్కసారిగా కరెంటు లాగితే సప్లై కుంగిపోతుంది, కాపలా సర్క్యూట్ కట్ చేస్తుంది. పదిసార్లు వేసి తీస్తే కెపాసిటర్ కొంచెం వెచ్చబడి అడ్డు తగ్గుతుంది, ఆ తర్వాత నిలబడుతుంది. షాపులో బాగా కనిపించింది కూడా ఇందుకే అయి ఉండొచ్చు, పొద్దున్నుంచి ఆన్‌లో ఉన్న మానిటర్ని చూపిస్తే ఈ రోగం బయటపడదు. పాత మానిటర్ కొనేవాళ్లు ఎవరైనా సరే, ప్లగ్ తీసి ఉన్నదాన్ని, చేత్తో వెనక తాకితే చల్లగా ఉన్నదాన్ని, నీ ఎదురుగా ఆన్ చేయమని అడగాలి.

లాసన్స్‌బే_పాతసామాను:

కంచరపాలెం గారు చెప్పిన దాంతో నాకు పేచీ లేదు, కెపాసిటర్లే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ వైజాగ్‌లో పాత మానిటర్ అనగానే నేను ఇంకోటి కూడా చూస్తాను, ఉప్పు గాలి. మీరు ఉండేది కూర్మన్నపాలెం అయినా ఆ మానిటర్ అంతకుముందు ఎక్కడ ఉందో ఎవరికి తెలుసు, పెదవాల్తేరులోనో బీచ్‌రోడ్ పక్కన ఏ ఆఫీసులోనో కిటికీ దగ్గర ఏళ్లు గడిపి ఉండొచ్చు. మా ఇంట్లో గేటు గొళ్లేలు, ఫ్యాన్ స్క్రూలు తుప్పు పట్టినట్టే బోర్డులూ పడతాయి.

వెనక పైన గాలి ఆడే సందుల్లోంచి టార్చ్ వేసి చూడండి, లోపలి రేకు మీద గోధుమ రంగు మచ్చలు ఉంటే గాలి తగిలిన సరుకే. విప్పాక కనెక్టర్ల కాళ్ల దగ్గర పచ్చటి పొర కనిపిస్తుంది. ముఖ్యంగా ఇన్వర్టర్ నుంచి ట్యూబులకి వెళ్లే రంగు తీగల చిన్న ప్లగ్గులు. అక్కడ హై వోల్టేజీ కదా, తేమా ఉప్పూ కలిస్తే చిన్న నిప్పురవ్వ పాకి నల్లటి గీత పడుతుంది, ఆ దారినే కరెంటు కారిపోతుంటే కాపలా సర్క్యూట్ అప్పుడూ కట్ చేస్తుంది. ఆన్ చేసినప్పుడు చిటచిట మన్న చప్పుడో, జిరాక్స్ మెషిన్ దగ్గర వచ్చేలాంటి ఘాటు వాసనో వస్తోందా గమనించండి. రాత్రి తేమకి పొద్దున ఎక్కువ, వేడెక్కి ఆరాక తక్కువ, అంటే లక్షణం అచ్చంగా కెపాసిటర్ రోగంలాగే ఉంటుంది. అందుకే విప్పించినప్పుడు రెండూ చూడమనండి. తుప్పు మామూలుదే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ప్లగ్గులు తీసి మళ్లీ పెడితే సరిపోతుంది. నల్ల గీత పడితే మాత్రం దాన్ని గీకి తీసేయాలి, తుడిస్తే పోదు.

కూర్మన్నపాలెం_టాలీ:

చప్పుడు, వాసన ఏమీ లేవండి. రేకు మీద ఒక మూల కొద్దిగా మచ్చలు ఉన్నట్టున్నాయి గానీ ఎక్కువ కాదు. మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని రెడీగా ఉన్నారు, యూట్యూబ్‌లో చూసి విప్పేస్తా అంటున్నారు. విప్పమనమంటారా?

కంచరపాలెం_టీవీ_రిపేర్:

వద్దని చెప్పమ్మా, కనీసం ఇది చదివే వరకు ఆగమను.

ప్లగ్ తీసేశాం కదా ఇంకేం అవుతుందిలే అనుకుంటారు. పవర్ బోర్డు మీద బొటనవేలంత లావు కెపాసిటర్ ఒకటి ఉంటుంది, దాని మీద 400 వోల్టులనో 450 వోల్టులనో రాసి ఉంటుంది. మన 230 వోల్టుల కరెంటు డీసీగా మారితే దాదాపు 325 వోల్టులు, అదంతా దానిలో నిలవ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు. మంచి బోర్డుల్లో దానంతటదే దిగిపోవడానికి రెసిస్టర్ పెడతారు, కానీ ఆ రెసిస్టరే తెగి ఉంటే? అందుకని మేం మల్టీమీటర్‌తో కొలవకుండా చెయ్యి పెట్టం, వోల్టేజీ ఉంటే పాత ఫిలమెంట్ బల్బుకి రెండు తీగలు కట్టి దాని మీదుగా దించుతాం. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించే పద్ధతి ఎవరైనా చూపిస్తే అది చేయొద్దు, కళ్లలోకి లోహం చిమ్ముతుంది. మీ ఇంట్లో మల్టీమీటర్ లేకపోతే, సోల్డరింగ్ అలవాటు లేకపోతే, ఈ పని బయట చేయించుకోండి. చిన్నపిల్లాడు ఉన్న ఇంట్లో విప్పిన మానిటర్ బల్ల మీద పడి ఉండటం నాకైతే అసలు ఇష్టం లేదు. మూసి ఉన్న మానిటర్‌తో మాత్రం ఈ జబ్బు వల్ల పిల్లాడికి ప్రమాదమేమీ లేదు, ఆ భయం పెట్టుకోకు.

మెకానిక్‌ని ఏం అడగాలో చెప్తాను. "బ్యాక్‌లైట్ రెండు సెకన్లకి కట్ అవుతోంది, చల్లగా ఉన్నప్పుడే వస్తోంది, టార్చ్ వేస్తే బొమ్మ కనిపిస్తోంది, పవర్ బోర్డు సెకండరీ వైపు కెపాసిటర్లు చూడండి" అను. సెకండరీ అంటే తక్కువ వోల్టేజీ బయటికిచ్చే వైపు. ఈ మాటలు చెప్తే విషయం తెలిసిన కస్టమర్ అని అర్థమైపోతుంది. విప్పాక నువ్వే చూడొచ్చు, కెపాసిటర్ తల మీద గుణకారం గుర్తులాగా గీతలు ఉంటాయి, ఆ తల బల్లపరుపుగా ఉండాలి. వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బినా, గీతల దగ్గర గోధుమ రంగు పెచ్చు కట్టినా అది అయిపోయినట్టే. కొన్ని పైకి బాగానే ఉండి లోపల పోతాయి, వాటికి ఈఎస్‌ఆర్ మీటర్ కావాలి, అది లేని చోట ఆ వరసలో ఉన్నవన్నీ మార్చేయడమే మంచిది.

కొత్తవి వేసేటప్పుడు మైక్రోఫారడ్ విలువ, అంటే ఎంత నిలవ ఉంచుకోగలదనే కొలత, పాతదే ఉండాలి, వోల్టేజీ పాతంతైనా, అంతకన్నా ఎక్కువైనా పర్వాలేదు, తక్కువ మాత్రం వేయకూడదు. 1000 మైక్రోఫారడ్ 16 వోల్టుది ఉంటే 25 వోల్టుది వేయొచ్చు, ఎత్తు ఎక్కువై వెనక మూతకి తగలకుండా చూసుకోవాలి. 105 డిగ్రీలు అని రాసి ఉన్న "లో ఈఎస్‌ఆర్" రకమే, అంటే లోపలి అడ్డు తక్కువ ఉండేదే అడగండి, మామూలు 85 డిగ్రీలవి వేస్తే మళ్లీ కొన్నాళ్లకే ఇదే పాట. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ స్పేర్స్ షాపుల్లో అడిగి చూడండి, ఒక్కొక్కటి పదుల్లోనే ఉంటుంది, పని కూలి దానికన్నా ఎక్కువ.

సీతమ్మధార_గేమర్:

ఇంత శ్రమ ఎందుకు, ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ స్ట్రిప్ కిట్ దొరుకుతుంది, పాత ట్యూబులు పీకేసి అది పెట్టేస్తే కరెంటు కూడా ఆదా. నేను ఒక మానిటర్‌కి చేశాను, బాగానే ఉంది. 12 వోల్టులు, గ్రౌండ్, ఆన్ ఆఫ్, బ్రైట్‌నెస్, అంతే నాలుగు తీగలు.

కంచరపాలెం_టీవీ_రిపేర్:

తీగలు నాలుగే తమ్ముడూ, ఆ నాలుగు ఎక్కడ ఉన్నాయో కొలిచి పట్టుకోవడం, కొన్ని మానిటర్లలో 12కి బదులు 16, 18 వోల్టులు వస్తుంటే చూసుకోవడం, అదీ పని. ప్యానెల్ విప్పితే లోపలి పల్చటి షీట్ల మధ్య దుమ్ము పడకుండా మళ్లీ సర్దడం ఇంకో పని. ట్యూబులు నిజంగా పోయినప్పుడు ఆ కిట్ మంచిదే, నేనూ వేస్తాను. కానీ ట్యూబులు వెలుగుతున్న మానిటర్‌కి ముందు కెపాసిటర్లు చూడకుండా అది చేయడం అనవసరం, పైగా కెపాసిటర్లు పాడైన సప్లై మీదే కొత్త ఎల్‌ఈడీ పెడితే అదీ మిణుకుతుంది. ఇంకొకటి, ఆ గాజు ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. తీసేటప్పుడు చిటుక్కున విరుగుతాయి, మంచం మీద కూర్చుని పీకే వస్తువు కాదు. తీసినవి చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

కూర్మన్నపాలెం_టాలీ:

అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. మా ఆయన్ని ఆపాను, గాజువాకలో టీవీలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. మీరు చెప్పిన మాటలు చెప్తే ఆయన ఒక్కసారి నా వైపు చూసి, కూర్చోమని స్టూల్ వేశారు. మా ఎదురుగానే విప్పారు. పాత ఏటీఎం కార్డు లాంటిది సందులో పెట్టి చుట్టూ జరుపుకుంటూ వెళ్తే టక్ టక్ మని మూత ఊడింది. పవర్ బోర్డు మీద పక్కపక్కన రెండు కెపాసిటర్లు, ఒకటి తల చక్కగా ఉబ్బిపోయి ఉంది, రెండోది చూడ్డానికి బాగానే ఉంది గానీ మీటర్ పెడితే అదీ పోయిందన్నారు. ఆ వరసలో ఉన్నవి మొత్తం మార్చేశారు. లాసన్స్‌బే గారూ, మీ మాట కూడా అడిగాను, ట్యూబుల ప్లగ్గుల దగ్గర నల్ల గీతలు లేవు, కొంచెం పచ్చగా ఉన్నచోట బ్రష్‌తో తుడిచారు. మొత్తం 350 తీసుకున్నారు.

ఇప్పుడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా మొదటిసారి నొక్కగానే వస్తోంది, ఆగట్లేదు. మీ అందరికీ ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే, 1,800 పోయినట్టే అనుకున్నాం. ఒక్క చిన్న అనుమానం. ఆన్ చేసిన కొత్తలో కింది అంచున కొంచెం ఎర్రగా, మసకగా ఉంటోంది, తర్వాత తెల్లబడుతోంది. ఇది ఏమైనా కొత్త సమస్యా?

కంచరపాలెం_టీవీ_రిపేర్:

సంతోషం అమ్మా, మంచి చేతిలో పడింది. ఆ ఎర్రదనం కింది ట్యూబులు పాతబడ్డ గుర్తు. సీసీఎఫ్‌ఎల్ ఏదైనా చల్లగా ఉన్నప్పుడు మసకగా మొదలై కొన్ని నిమిషాలకి పూర్తి వెలుగు అందుకుంటుంది, వయసైపోయిన దానికి ఆ ఎరుపు ఎక్కువ కనిపిస్తుంది. తర్వాత తెల్లబడుతోంది కాబట్టి ఇప్పుడు చేయాల్సిందేమీ లేదు. మెనూలోకి వెళ్లి బ్రైట్‌నెస్ వంద మీద ఉంటే అరవై డెబ్బైకి దించు, ట్యూబులకీ మంచిది, రోజంతా లెక్కలు చూసే నీ కళ్లకీ మంచిది. టీకి లేచినప్పుడల్లా ఆపి వేయకు, ప్రతిసారి అంటుకోవడమే ట్యూబుకి కష్టం, భోజనానికో నిద్రకో వెళ్లేటప్పుడు ఆపితే చాలు. వెనక గోడకి ఆనించకుండా ఒక జానెడు ఖాళీ ఉంచు, ఆపిన వెంటనే గుడ్డ కప్పొద్దు, ఆ వేడే కెపాసిటర్లని తినేది.

అరగంట నడిచాక కూడా కింద ఎర్రగానే ఉంటే, లేదా మళ్లీ రెండు సెకన్లకి ఆగడం మొదలైతే, ఇక్కడే రాయి. అప్పుడు ట్యూబుల సంగతి చూద్దాం, కావాలంటే ఆ తమ్ముడు చెప్పిన కిట్ గురించి కూడా మాట్లాడుకోవచ్చు.